ఒక ట్యాంకు, నాలుగు వాటాలు: స్నానాల లెక్క ఎక్కడ తప్పుతుంది?

మహబూబ్‌నగర్‌లో మా పెద్దమ్మ ఇంటి మేడ మీద 1,000 లీటర్ల నల్ల ట్యాంకు ఒకటుంది. దాన్ని నమ్ముకుని నాలుగు వాటాలు. కింద ఒక వాటాలో కొట్టాయం నుంచి వచ్చిన నర్సు దంపతులు, పక్క వాటాలో పిల్లల చదువు కోసం గద్వాల వైపు పల్లె నుంచి దిగిన నలుగురి కుటుంబం, వెనక వాటాలో బిహార్‌లోని దర్భంగా నుంచి వచ్చి టైల్స్ పరిచే ముగ్గురు కుర్రాళ్లు, పైగదిలో అమలాపురం నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగి. పోయిన వేసవిలో ట్యాంకు మధ్యాహ్నానికే అడుగంటడం మొదలైంది. దోషి ఎవరో తేల్చడానికి పెద్దమ్మకు అరనిమిషం పట్టలేదు. "ఆ కేరళ పిల్లలు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి నీళ్లు పోసుకుంటారు. ఇంక నీళ్లెక్కడ మిగులుతాయి?"

గద్వాల ఆమె అనుమానం బిహార్ కుర్రాళ్ల మీద. వాళ్లు పొద్దున స్నానం చేయడం ఆమె ఎప్పుడూ చూడలేదు, కాబట్టి అసలు చేయరని నమ్మకం. బ్యాంకు ఉద్యోగికి అందరి మీదా అభిప్రాయం ఉంది. ఫోనుల్లో తిరిగే వీడియోలు కూడా ఈ ఇంటి తగాదా లాంటివే: ఫలానా రాష్ట్రం వాళ్లు రోజుకు రెండుసార్లు, ఫలానా వాళ్లు వారానికోసారి. చలికాలం రాగానే వీటి జోరు పెరుగుతుంది. కింద వ్యాఖ్యలు చదివితే స్నానం అనే మాట చాటున కులం, ప్రాంతం, డబ్బు అన్నీ కలిసి కొట్లాడుతుంటాయి. అందుకే ఒక్కో ముడినీ విడిగా విప్పి చూడటం మంచిది.

ఇంతకీ స్నానం అంటే ఏది?

"వారానికి ఎన్నిసార్లు స్నానం చేస్తారు?" ఈ ప్రశ్నను పాలమూరు పల్లెలో ఒక పెద్దాయనను అడిగితే "రెండుసార్లు" అనవచ్చు. ఆయన చెప్పింది తలస్నానం సంగతి. రోజూ సాయంత్రం చేను నుంచి వచ్చి ఒంటి మీద నాలుగు చెంబులు పోసుకోవడం ఆయన లెక్కలో విడిగా ఉంటుంది, కొన్నిసార్లు లెక్కలోకే రాదు. తెలుగులో ఒంటి స్నానం వేరు, తలస్నానం వేరు, నూనె పెట్టి నలుగు రుద్ది చేసే తలంటు వేరు. చావింటికి వెళ్లివచ్చి "స్నానం చేయాలి" అంటే తల తడవాల్సిందే. అదే మాటను ఆఫీసుకు వెళ్లే ముందు అంటే మెడ కిందివరకే. "నీళ్లు పోసుకుంది" అంటే ఒక సందర్భంలో స్నానం, ఇంకో సందర్భంలో గర్భం. సర్వే చేసే అబ్బాయి తెలుగు రానివాడైతే అతని కష్టాలు ఊహించుకోవచ్చు.

కేరళలో చాలా ఇళ్లలో తల తడవకపోతే అది పూర్తి స్నానం కాదు. తలకు కాస్త కొబ్బరినూనె రాసి రోజూ తలమీదుగానే పోసుకుంటారు. అందుకని మలయాళీ "రోజూ" అన్నదీ, మనవాడు "వారానికి రెండుసార్లు" అన్నదీ పక్కపక్కన పెడితే పోలిక కుదరదు. పాత మహబూబ్‌నగర్, నల్గొండ పట్టణాల్లోని ముస్లిం ఇళ్లలో ఇంకో లెక్క ఉంది. నమాజుకు ముందు రోజుకు ఐదుసార్లు చేతులు, ముఖం, కాళ్లు కడుక్కునే వజూ, శుక్రవారం నాడు ఒళ్లంతా తడిపి చేసే స్నానం గుస్ల్. వజూను స్నానంలో కలపరు, కానీ చెమట, దుమ్ము పట్టే చోట్లకు రోజులో ఐదుసార్లు నీళ్లు తగులుతున్నాయి.

పుష్కర స్నానం మరీ వేరు. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు బీచుపల్లిలోనూ, వాడపల్లిలోనూ, నాగార్జునసాగర్‌లోనూ లక్షల మంది మునిగారు. ఒంటిమీద బట్టలతోనే మూడు మునకలు వేసి బయటికి రావడం అది. దాని ఉద్దేశం పుణ్యం. మురికి వదలడం కోసం ఎవరూ అంత దూరం ప్రయాణం చేయరు. మైల పోవడం, మురికి పోవడం అనే రెండు పనులకూ మనం ఒకే మాట వాడటం వల్లనే సగం గందరగోళం.

బకెట్లతో కొలిస్తే

పెద్దమ్మ ఇంట్లో ఒక ఆదివారం కూర్చుని అందరినీ అడిగి లెక్క వేశాను. బకెట్ 18 లీటర్లు అనుకున్నాం.

నర్సు దంపతులు ఇద్దరూ రోజుకు రెండేసి సార్లు, ఒక్కోసారికి ఒక బకెట్. మొత్తం 72 లీటర్లు. గద్వాల కుటుంబంలో నలుగురు, రోజుకు ఒకసారి, తలా బకెట్టున్నర. అది 108. ఆదివారం తలస్నానాలకు తలా ఇంకో బకెట్ చొప్పున వారానికి 72, అంటే రోజుకు మరో పది. మొత్తం 118. దర్భంగా కుర్రాళ్లకు బకెట్ అలవాటు లేదు. పని నుంచి వచ్చాక చీకటి పడ్డ తరువాత పెరట్లో కుళాయి కింద కూర్చుంటారు. కుళాయి నిమిషానికి తొమ్మిది లీటర్లు వదులుతుంది, మనిషికి నాలుగు నిమిషాలు. దాదాపు 108. బ్యాంకు ఉద్యోగి రోజుకు ఒక్కసారే. అయితే షవర్ కింద పది నిమిషాలు, 90 లీటర్లు.

తలసరి చూడండి: రెండుసార్లు చేసేవాళ్లకు 36, గద్వాల వాళ్లకు 30 లోపు, "అసలు చేయరు" అనిపించుకున్నవాళ్లకు 36. అందరికీ తీర్పులు చెప్పిన ఉద్యోగికి 90. ఎన్నిసార్లు అన్న అంకెకూ, ఎన్ని లీటర్లు అన్న అంకెకూ ఉన్న చుట్టరికం ఇంతే.

ఇళ్లకు నీటి సరఫరా మీద భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన పట్టికలో పట్టణవాసికి రోజుకు 135 లీటర్లు కేటాయించి, అందులో స్నానానికే 55 అని రాశారు. మరుగుదొడ్డికి 30, బట్టలకు 20, గిన్నెలకు 10, ఇల్లు కడగడానికి 10, వంటకు 5, తాగడానికి 5. ఇటు 2019లో మొదలైన కేంద్ర జల్ జీవన్ మిషన్ గ్రామీణ మనిషికి హామీ ఇచ్చింది అన్నింటికీ కలిపి 55 లీటర్లు. తెలంగాణ మిషన్ భగీరథ పెట్టుకున్న లక్ష్యం పల్లెలో 100, మున్సిపాలిటీల్లో 135, కార్పొరేషన్లలో 150. పట్టణవాసి ఒంటిమీద పోసుకుంటాడని ఒక కాగితం అనుకున్న నీళ్లతో పల్లె మనిషి వండుకుని, తాగి, ఉతుక్కుని, స్నానం కూడా చేయాలని ఇంకో కాగితం అనుకుంది. స్నానపు అలవాట్లలో తేడా గురించి మాట్లాడేవాళ్లు ఈ రెండు 55లనూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు అనిపిస్తుంది.

మా లెక్కలో పదిమంది స్నానాలకు కలిపి 388 లీటర్లు. మరి 1,000 లీటర్ల ట్యాంకు పొద్దున నిండి మధ్యాహ్నానికి ఎలా ఖాళీ అయింది? దానికి చివర్లో వస్తాను.

ఎండ ఒకటే, చెమట ఆరే తీరు వేరు

అమలాపురంలో ఉన్నప్పుడు బ్యాంకు ఉద్యోగి కూడా రోజుకు రెండుసార్లు స్నానం చేసేవాడట. ఇక్కడికి వచ్చాక రెండోది తనంతట తానే మానుకున్నాడు. "అక్కడ సాయంత్రానికి ఒళ్లంతా జిగటగా ఉంటుంది. ఇక్కడ ఎండ ఎక్కువే, కానీ చెమట పట్టదు" అన్నాడు.

నిజానికి పడుతుంది. మే నెల మధ్యాహ్నం నల్గొండలో, పాలమూరులో 42, 43 డిగ్రీలు మామూలు. ఆ ఎండలో మనిషి కోస్తా మనిషి కంటే తక్కువ చెమట పోయడు. గాలిలో తేమ పాతిక, ముప్పై శాతం దగ్గర ఉంటుంది కాబట్టి చెమట బొట్టుగా మారకముందే ఆవిరైపోతుంది. ఒక లీటరు చెమట ఆవిరయ్యేటప్పుడు ఒంటి నుంచి సుమారు 580 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుంది. అందుకే మనకు దాహం వేస్తుంది తప్ప జిగట తెలియదు. మిగిలేది ఉప్పు. ఎండాకాలం మట్టి పని చేసినవాడి చొక్కా వీపు మీద తెల్లటి చారలు అవే.

కోస్తాలో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది. చెమట ఆరదు, చల్లదనం రాదు, ఒళ్లు అంటుకుంటుంది. చెమటకు సహజంగా పెద్ద వాసన లేదు. చర్మం మీది బాక్టీరియా దాన్ని విడగొట్టినప్పుడు వాసన పుడుతుంది, తడిగా ఉండే చోట అవి బాగా పెరుగుతాయి. కోనసీమలో, కేరళలో, బెంగాల్ తీరంలో రెండో స్నానం ఒంటి అవసరంలోంచి వచ్చింది. పాలమూరులో ఆ అవసరం తక్కువ. ఇక్కడి మనిషి బద్ధకస్తుడనీ అక్కడి మనిషి శుచి ఎక్కువనీ దీన్నుంచి తేల్చలేం. ఉద్యోగి ఒక్కడే రెండుచోట్లా ఉన్నాడు కదా, ఊరు మారితే అలవాటు మారింది.

చేతిపంపు రహస్యం

చలికాలం వాదన ఇంకొంచెం మెలిక ఉన్నది. ఉత్తరాది వాళ్లు చలికి స్నానం మానేస్తారని మనవాళ్ల మాట. దర్భంగాలో జనవరి రాత్రులు పది డిగ్రీల దిగువకు పోతాయి, రోజులకు రోజులు మంచు తెర వీడదు. మరి ఆ కుర్రాళ్లు అక్కడ ఆరుబయట చేతిపంపు కింద చన్నీళ్ల స్నానం చేస్తామంటే గద్వాల ఆమె నమ్మలేదు.

కారణం భూమిలో ఉంది. నేల లోపలి నీటి ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు ఏడాది సగటుకు దగ్గరగా నిలిచి ఉంటుంది. గంగా మైదానంలో భూగర్భజలం పైపైనే దొరుకుతుంది, ఇంటింటికీ చేతిపంపు ఉంటుంది, ఆ నీళ్లు ఏడాది పొడవునా పాతిక డిగ్రీల దరిదాపుల్లో ఉంటాయి. బయట ఎనిమిది డిగ్రీలు ఉన్నప్పుడు పాతిక డిగ్రీల నీళ్లు గోరువెచ్చగానే తగులుతాయి. ఆ నీళ్లను ట్యాంకులో నింపి రాత్రంతా ఉంచితే ఆ సుఖం పోతుంది.

మన దగ్గర బోరు ఉన్న రైతులకు ఇది చెప్పాల్సిన పని లేదు. డిసెంబరు తెల్లవారుజామున మోటారు వేస్తే పైపు నుంచి పొగలు లేస్తుంటాయి, ఆ ధారకింద స్నానం చేసి పంచె చుట్టుకుని పోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఊళ్లో మేడమీది ట్యాంకు నీళ్లు వాడేవాడికి అదే రోజున హీటర్ లేకుండా గడవదు. మే నెలలో అంతా తలకిందులు. నల్ల ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం చెయ్యి పెడితే చుర్రుమంటాయి. అప్పుడు మహబూబ్‌నగర్‌లో స్నానం తెల్లవారు ఝామున నాలుగింటికో, రాత్రి పది దాటాకో జరుగుతుంది. "చన్నీళ్ల స్నానం", "వేన్నీళ్ల స్నానం" అన్న మాటలు ఏ నీళ్లు, ఎక్కడ నిలిచినవి అని అడగకుండా అర్థం కావు.

దేశం పటం మీద ఒక చూపు

కేరళలో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. పెరటికో బావి, గుడికో కోనేరు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకు సుమారు 600, ఉమ్మడి నల్గొండకు 750 దరిదాపు. పశ్చిమ రాజస్థాన్‌లోని జైసల్మేరులో 200 కూడా పడదు. అక్కడి పాత పద్ధతిలో బండమీదో మంచం మీదో కూర్చుని కొద్దినీళ్లతో స్నానం చేసి, కింద పళ్లెంలో పడిన నీళ్లను మళ్లీ వాడుకునేవారు. బెంగాల్, ఒడిశా పల్లెల్లో స్నానం వేళ పొద్దున కాదు, మధ్యాహ్న భోజనానికి ముందు. ఆవనూనె పట్టించి ఊరి చెరువులో మునుగుతారు. లేహ్ పట్టణం సముద్రమట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది, ఏడాదికి వంద మిల్లీమీటర్ల వర్షపాతమే. పంపులో నీళ్లు గడ్డకట్టే నెలల్లో రోజూ స్నానం అన్న ఆలోచనే పాత రోజుల్లో లేదు. కాశ్మీర్‌లో మసీదులకూ కొన్ని ఇళ్లకూ ఆనుకుని హమాం ఉంటుంది. రాతి పలకల కింద కట్టెలు మండించి గదినీ నీళ్లనూ ఒకేసారి వేడి చేస్తారు.

ఇంత తేడా ఉన్న దేశంలో అందరికీ ఒకే కొలబద్ద పెట్టడం విడ్డూరమే.

ఆ బిందె ఎవరు మోశారు?

నా అభిప్రాయంలో స్నానపు అలవాట్లను అన్నింటికంటే ఎక్కువగా నిర్ణయించేది నీళ్లు మోసుకొచ్చే ఈ శ్రమే. నీళ్ల సరఫరా మీద పనిచేసేవాళ్లకు తెలిసిన ఒక సంగతి ఉంది. నీళ్ల కోసం వెళ్లి రావడానికి ఐదు నిమిషాలు దాటి అరగంట వరకు ఎంత పట్టినా, ఇంటికి చేరే నీళ్లు మనిషికి 20 లీటర్ల దగ్గరే ఆగుతాయి. కుళాయి ఇంటి ముంగిట్లోకి వచ్చిన రోజున ఆ అంకె ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఇరవై లీటర్లలో తాగడం, వంట, గిన్నెలు పోగా స్నానానికి మిగిలేది ఎంత? అందుకే బావి దగ్గరే, కాలువ దగ్గరే స్నానం చేసి రావడం మగవాళ్లకు అలవాటైంది. నీళ్లను ఇంటికి తేవడం కంటే మనిషి నీళ్ల దగ్గరికి వెళ్లడం సులువు.

ఆ సులువు ఆడవాళ్లకు లేదు. వాళ్ల స్నానం ఇంటి వెనక తడకల చాటున, చీకటి విడవకముందు. 2011 జనగణన ఈ తడకలను కూడా లెక్కపెట్టింది. అప్పటికి దేశంలో 42 శాతం కుటుంబాలకే ఇంటి ఆవరణలో కప్పు ఉన్న స్నానాల గది ఉండేది. మరో 16.4 శాతానికి కప్పు లేని మరుగు. మిగిలిన వాళ్లకు అదీ ఉండేది కాదు. 2018 జాతీయ నమూనా సర్వే నాటికి స్నానాల గది అందుబాటులో ఉన్న కుటుంబాలు పల్లెల్లో 56.6 శాతం, పట్టణాల్లో 91.2 శాతం. గది లేని చోట స్నానానికి పట్టేది మూడు చెంబులూ మూడు నిమిషాలే. ఒళ్లంతా రుద్దుకునే తీరిక, తల ఆరబెట్టుకునే వ్యవధి అన్నీ ఆ తడక ఎత్తు మీద ఆధారపడతాయి.

వేళ సంగతి కూడా పనిలోంచే వస్తుంది. కాలువలు, డ్యాములు, రోడ్లు తవ్వడానికి దేశమంతా తిరిగిన పాలమూరు కూలీలకు పొద్దున స్నానం అర్థంలేని పని. గంటలో మళ్లీ మట్టి కొట్టుకుపోయే ఒంటికి నీళ్లెందుకు? సాయంత్రం పని దిగాక, కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్లు పోసుకుంటే ఒళ్లునొప్పులూ తీరతాయి, దుమ్మూ వదులుతుంది, నిద్రా పడుతుంది. దర్భంగా కుర్రాళ్లు చేసేదీ అదే. పొద్దున్నే స్నానం చేసి బొట్టు పెట్టుకుని బయటికి రావడం బడి, బడి తరువాత ఆఫీసు, అంతకుముందు పూజ ఉన్నవాళ్ల పద్ధతి. అది మంచిదే, కానీ అదొక్కటే పద్ధతి అని నిర్ణయించింది పొద్దున పొలం దున్నేవాడు కాదు.

ఇక్కడే కులం ప్రస్తావన రావాలి. ఊరుమ్మడి బావిలో చేద వేయనివ్వని వాళ్లను "శుభ్రత లేదు" అనడం ఎన్నో తరాల పాటు సాగింది. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగడానికి అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్లాల్సి వచ్చింది. తాగడానికే అంత పోరాటమైన చోట స్నానం ఎన్నిసార్లని అడగడం ఏ న్యాయం? పాలమూరు, నల్గొండ పల్లెల్లో వేరువేరు బావుల జ్ఞాపకం ఉన్న పెద్దలు ఇంకా బతికే ఉన్నారు.

నల్గొండలో నీళ్లకు రెండు పేర్లు

ఒకే జిల్లాలో తేడా చూడాలంటే ఉమ్మడి నల్గొండ చాలు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పల్లెల్లో పారే నీళ్లలో మునగడం అలవాటైంది. పిల్లలు ఈత అక్కడే నేర్చుకున్నారు. కాలువ కట్టేసిన నెలల్లో మళ్లీ బోరు, బకెట్. ఎత్తున ఉన్న మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ వైపు ఆ కాలువ అందలేదు. అక్కడ బోరే గతి, బోరులో ఫ్లోరైడు.

దాంతో అక్కడి ఇళ్లలో నీళ్లు రెండు రకాలయ్యాయి: తాగే నీళ్లు, వాడే నీళ్లు. కొత్తగా వచ్చినవాళ్లు తరచూ అడిగే సందేహం ఒకటుంది. ఫ్లోరైడు నీళ్లతో స్నానం చేస్తే ఎముకలు వంగుతాయా? వంగవు. ఫ్లోరోసిస్ వచ్చేది ఆ నీళ్లను ఏళ్ల తరబడి తాగడం వల్ల, వాటితో వండుకోవడం వల్ల. చర్మం గుండా లెక్కించదగ్గంత ఫ్లోరైడు లోపలికి పోదు. నీళ్లు కాచినా అది పోదు, పైగా నీరు ఆవిరై చిక్కబడుతుంది. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని ప్రమాణాలు చెబుతాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును దింపే పద్ధతికి ప్రపంచమంతా "నల్గొండ టెక్నిక్" అనే పేరే స్థిరపడింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతి అది. ఒక జబ్బు వల్ల ఊరి పేరు పాఠ్యపుస్తకాలకు ఎక్కడం సంతోషించాల్సిన విషయమా కాదా అన్నది వేరే మాట. భగీరథ కింద కృష్ణా నీళ్లు వచ్చాక తాగేందుకు అవి, స్నానానికి బోరు అని పంచుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి.

స్నానానికి చిక్కు ఫ్లోరైడుతో కాదు, కాఠిన్యంతో. కొన్ని బోర్ల నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. సబ్బు వాటితో కలిసి తెల్లటి తెట్టుగా మారుతుంది, నురగ రాదు. నురగ రాలేదని ఇంకా రుద్దుతాం, తెట్టు వదల్లేదని ఇంకో రెండు చెంబులు పోస్తాం. ఒకే మనిషికి నది నీళ్లతో ఒక బకెట్ సరిపోతే ఉప్పు నీళ్లతో బకెట్టున్నర పడుతుంది. పాతకాలపు కుంకుడుకాయలో నురగనిచ్చే పదార్థం సపోనిన్. కఠినజలంలో అది సబ్బులా తెట్టు కట్టదు. అవ్వలు తలకు కుంకుడుకాయ, ఒంటికి పెసరపిండి వాడింది షాంపూ దొరక్కనే కావచ్చు, ఆ బావి నీళ్లకు మాత్రం అవే నప్పాయి.

ఆచారమా, వాతావరణమా, సౌకర్యమా?

ఈ తేడాలకు ముగ్గురు మూడు కారణాలు చెబుతారు. వాతావరణమే కారణమనేవాళ్లకు అమలాపురం ఉద్యోగి సాక్ష్యం. కానీ కొట్టాయం నర్సులకూ ఇక్కడ జిగట లేదు, అయినా రెండో స్నానం మానలేదు. అడిగితే "చేయకపోతే నిద్ర పట్టదు" అన్నారు. పగలంతా రోగుల మధ్య పనిచేసినవాళ్లు ఆ మాట అనడంలో వింత లేదు. ఆచారం, వృత్తి రెండూ అందులో కలిసి ఉన్నాయి.

ఆచారమే మూలమనేవాళ్లకు ఉదయపు సంధ్య, కేరళలో దీపం పెట్టే ముందు సాయంత్రపు స్నానం, శుక్రవారపు గుస్ల్, నరక చతుర్దశి తలంటు ఆధారాలు. వాళ్ల వాదనలో బలముంది. పండగ రోజున నీళ్లు కొనుక్కునైనా తలంటు పోసుకునే ఇళ్లు మన దగ్గరా ఉన్నాయి. బలహీనత ఎక్కడంటే, ఒకే ఆచారం పాటించేవాళ్లలో కుళాయి ఉన్న ఇల్లూ లేని ఇల్లూ వేరువేరుగా నడుస్తాయి. పండగ ఏడాదికి ఒక్కరోజు, మిగిలిన 364 రోజులూ బిందె రాజ్యమే.

సౌకర్యం అన్నవాళ్ల వైపే నేను మొగ్గుతాను. అయినా వాళ్లకూ ఒక చిక్కు ఉంది. సౌకర్యం మాత్రమే కారణమైతే పట్టణాల్లో అందరూ ఒకేలా స్నానం చేయాలి. మా పెద్దమ్మ ఇంట్లో ఒకే ట్యాంకు, ఒకే బోరు, నాలుగు పద్ధతులు. పెరిగిన ఊరు కొంతకాలం మనిషి వెంటే వస్తుంది.

వైద్యుల మాట మధ్యలో ఉంటుంది. రోజూ స్నానం చేయకపోతే జబ్బు వస్తుందని గట్టిగా చెప్పే ఆధారం అందరి విషయంలో లేదు. చల్లని పొడి రోజుల్లో మరీ వేడినీళ్లు, ఎక్కువ సబ్బు చర్మపు నూనెను తీసేసి దురద తెస్తాయి. మన చర్మం కొద్దిగా ఆమ్లగుణం గలది, సబ్బు క్షారం. అలాగని ఉక్కపోతలో, చెమట పనిలో స్నానం వాయిదా వేస్తే చంకల్లో, గజ్జల్లో, వేళ్ల సందుల్లో ఫంగస్ పట్టడానికి అవకాశం పెరుగుతుంది. విరేచనాల వంటివి ఇంట్లో పాకకుండా ఆపే విషయంలో స్నానం కంటే సబ్బుతో చేతులు కడుక్కోవడం మేలు చేస్తుంది. ఎండదెబ్బ తగిలినవాడి మీద నీళ్లు పోయడం వైద్యమే.

ఇంతకీ ట్యాంకు ఎవరు తాగారు?

మా లెక్కలో స్నానాలకు 388 లీటర్లే తేలాయి కదా. బట్టలు, గిన్నెలు, మరుగుదొడ్లు కలిపి పదిమందికి ఇంకో 450 అనుకున్నా వెయ్యి దాటదు. పైగా వేసవి ముందు వరకు అదే మనుషులకు అదే ట్యాంకు రాత్రి దాకా వచ్చేది. ఏప్రిల్‌లో కొత్తగా వచ్చిందేమిటని వెతికితే కిటికీల దగ్గర కనబడింది. నాలుగు వాటాలకూ, పెద్దమ్మ గదికీ కలిపి ఐదు కూలర్లు.

కూలర్ పని చేసేది చెమట సూత్రం మీదే. తడి గడ్డి గుండా పొడిగాలి దూరితే నీరు ఆవిరై గాలి చల్లబడుతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లదనం, అంత నీటి ఖర్చు. 50 లీటర్ల తొట్టి రాత్రి నింపితే తెల్లారేసరికి అడుగు కనబడుతుంది. పగలు కూడా ఆడితే ఇంకోసారి నింపాలి. ఐదు కూలర్లకు రోజుకు 300 నుంచి 500 లీటర్లు ఎక్కడికీ పోవు. తేమ నిండిన అమలాపురంలో కూలర్ పెట్టుకుంటే గది ఆవిరి పట్టినట్టవుతుంది తప్ప చల్లబడదు, అందుకే అక్కడ రెండో బకెట్ ఒంటి మీద పడుతుంది. ఇక్కడ ఆ రెండో బకెట్‌ను కిటికీలోని గడ్డి తాగుతోంది. అన్నింటికంటే పెద్ద కూలర్ పెద్దమ్మ గదిలోనే ఉంది, ఎనభై లీటర్ల తొట్టి.

లెక్క కాగితం ఆమెకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "అది స్నానం కాదు కదా" అంది. మరునాడు నుంచి మోటారు సాయంత్రం కూడా ఒకసారి వేస్తోంది. నర్సులు రాత్రి తొమ్మిదింటికి నీళ్లు పోసుకునే చప్పుడు వినబడినప్పుడు మాత్రం ఇప్పటికీ ఒకసారి అటు చూస్తుంది.